"ఆడవారికి ఇమ్యునోథెరపీ పడదు" అన్న సందేశానికి జవాబు

క్యాన్సర్‌కు ఇచ్చే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే చికిత్స) ఆడవారికి పడదనీ, వారి ఒళ్లు బలహీనం కనుక తట్టుకోలేదనీ, ఏ దుష్ఫలితం కనిపించినా మందు మానేయాలనీ చెప్పే వాట్సాప్ సందేశం ఒకటి గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో రోగుల వెంట వచ్చేవారి ఫోన్లలో తిరుగుతోంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్న మా పిన్నికి ఎక్కిస్తున్నది ఈ మందే కాబట్టి, జవాబు చెప్పక తప్పడం లేదు.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. జనం నమ్ముతున్నది అందుకే. అమెరికాలో 1980 నుంచి 2019 వరకు సాగిన 202 క్లినికల్ ట్రయల్స్‌లోని 23,296 మంది వివరాలను పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఇమ్యునోథెరపీ తీసుకున్నవారిలో తీవ్ర దుష్ఫలితాల ముప్పు పురుషులకంటే స్త్రీలకు 49 శాతం ఎక్కువ. అయితే ఇది పోలికలో తేడాయే తప్ప, నూటికి 49 మంది స్త్రీలకు ప్రమాదమని కాదు. పైగా ఇపిలిముమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు వల్ల మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వాచడం మగవారిలోనే ఎక్కువగా కనిపించింది.

బలహీనత అన్నది పూర్తిగా తలకిందుల మాట. ఈ మందులు రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలకున్న పగ్గాన్ని వదులు చేస్తాయి. ఆ కణాలు క్యాన్సర్‌తో పాటు ఒక్కోసారి సొంత థైరాయిడ్ మీదా పేగుల మీదా పడతాయి. స్త్రీల రోగనిరోధక శక్తి సహజంగా చురుకైనది. రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే పడే లూపస్ వంటి జబ్బులు వారిలోనే ఎక్కువ కావడం వెనుక, దుష్ఫలితాల్లోని ఈ తేడా వెనుక ఆ చురుకుదనమే ఉందని పరిశోధకుల భావన.

అన్నిటికంటే నష్టం చేసేది మూడో మాట. మూడో డోసు తరువాత పిన్నికి రోజుకు ఆరేడు విరేచనాలయ్యాయి. ఆవకాయ వేడి చేసిందనుకుని మేము మజ్జిగతో, సగ్గుబియ్యం జావతో నాలుగు రోజులు నెట్టుకొచ్చాము. డాక్టరుకు చెప్పకపోవడం మా తప్పే. అది పేగుల వాపని తేలాక ఆయన ఇంజెక్షన్ ఆపి, స్టెరాయిడ్ ఇచ్చి, దాన్ని వారాల తరబడి మెల్లగా తగ్గించి, పూర్తిగా కుదుటపడ్డాకే మందు మళ్లీ మొదలుపెట్టారు. థైరాయిడ్ మందగిస్తే సాధారణంగా పరగడుపున వేసుకునే మాత్ర సరిపోతుంది, ఇంజెక్షన్ సాగుతుంది. గుండె కండరం వాచితే మాత్రం ఇక ఆ మందు ఇవ్వరు. ఏది ఏ కోవలోదో తేల్చేది పరీక్షలే కానీ, రోగి ఆడా మగా అన్నది కాదు.

ఇప్పుడు పిన్ని గోడ క్యాలెండర్ మీద ఏ రోజుకారోజు విరేచనాల లెక్కకు గీతలు పెడుతుంది, దగ్గో ఆయాసమో ఉంటే పక్కనే రాస్తుంది. గీతలు నాలుగైతే, రాత్రయినా సరే, డాక్టరుకు ఫోన్ చేస్తాము.