గోరువెచ్చని పాలట, మే నెల్లో, బెజవాడలో!

పొద్దున్నే ఒక బ్రెడ్ ఫొటో కనపడింది. "ఫస్ట్ టైమ్ ట్రై చేశా, దూదిలా వచ్చింది ఫ్రెండ్స్" అని. పక్కన మల్లెపూలు, వెనక కొత్త టీ కప్పు, కింద గళ్ల టవలు. బాగుంది, కాదనను. దాని కింద రెసిపీ చూడండి: "మైదా 2 కప్పులు, ఈస్ట్ కొంచెం, ఉప్పు రుచికి తగినంత, గోరువెచ్చని పాలు సరిపడా. రెట్టింపు అయ్యేదాకా ఉంచి, బేక్ అయ్యేదాకా బేక్ చేయండి." బేక్ అయ్యేదాకా బేక్ చేయాలట! ఊరు వచ్చేదాకా బస్సులో కూర్చోండి అన్నట్టుంది.

ఇంతవరకూ అయితే నవ్వుకుని పోయేదాన్ని. కింద ఎవరో పాపం అడిగారు, "అక్కా, నాది బాగానే పొంగింది, ఓవెన్లో పెట్టాక కూలిపోయి మధ్యలో గుంట పడింది, ఎందుకంటారు?" అని. అక్కగారి జవాబు: "ప్రేమతో పిసకాలి రా." పక్కన మూడు గుండె బొమ్మలు. ఆ జవాబుకి మళ్లీ నలభై లైకులు.

ఆ పిల్ల బ్రెడ్డు కూలింది ప్రేమ తక్కువై కాదండీ, పొంగు ఎక్కువై. పిండి టిన్ను అంచు దాటి ఒక వేలెడు లేచేసరికే లోపల గాలి బుడగల గోడలు సాగాల్సినంత సాగిపోయాయి. ఇంకో అరగంట అలాగే వదిలేస్తే అవి పల్చబడి, ఓవెన్ వేడి తగలగానే గాలి బయటికి పోయి, మూకుడులో పూరీ చిల్లుపడ్డట్టు చప్పబడిపోతుంది. వేలితో మెల్లగా నొక్కి చూడండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైముంది. నిదానంగా, సగం పూడితే ఓవెన్లో పెట్టండి. అసలు పూడకుండా అలాగే ఉండిపోతే ఆలస్యమైపోయింది, తీసి మళ్లీ పిసికి, మళ్లీ చుట్టి, టిన్నులో వేసుకోండి. రెండు లైన్ల సమాధానం ఇది. గుండె బొమ్మలు పెట్టే టైములో రాసేయొచ్చు.

ఇక ఆ గోరువెచ్చని పాలు. ఇప్పుడు నెల ఏమిటి? మే. ఊరు? బెజవాడ, ఆవిడే ట్యాగ్ చేసుకుంది. మధ్యాహ్నం వంటింట్లో మైదా డబ్బాలో చెయ్యి పెడితే పిండే గోరువెచ్చగా ఉంటుంది. దానిలో మళ్లీ వెచ్చని పాలా?

మన ఇళ్లలో ఇడ్లీ పిండి రుబ్బని వాళ్లున్నారా? ఎండాకాలం రాత్రంతా బయట వదిలేస్తే తెల్లారేసరికి గిన్నె పొంగి గట్టు మీద కారి, పుల్లటి వాసన కొడుతుందని చెప్పక్కర్లేదు. చలికాలం దుప్పటి కప్పుతాం, స్టవ్ పక్కన పెడతాం. ఇంత తెలివి ఉన్న వంటింట్లోకి మైదా, ఈస్ట్ రాగానే ఆ తెలివి అంతా ఎక్కడికి పోతుందో! ఏదో రెసిపీలో గంటన్నర అని ఉంది కాబట్టి గడియారం పెట్టుకుని గంటన్నర కూర్చుంటారు. పిండి ముప్పావుగంటకే పొంగి మూత తోస్తుంటే సీరియల్ అయ్యాక చూద్దాం అంటారు.

లెక్క చాలా సులువు. కలిపాక ముద్ద వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 26ని మూడుతో హెచ్చవేస్తే 78. అందులోంచి గది వేడి, పిండి వేడి, పిసకడం వల్ల పుట్టే వేడి తీసేస్తే మిగిలింది నీళ్లకైనా పాలకైనా ఉండాల్సిన వేడి. చేత్తో పిసికితే 3 డిగ్రీలు వేసుకోండి, మిక్సర్ అయితే 10 దాకా పోతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో జనవరిలో వంటిల్లు 20, పిండి 20 అనుకోండి. 78లోంచి 43 పోతే 35. అదీ గోరువెచ్చన! "గోరువెచ్చని పాలు" అని అక్కడ కూర్చుని రాసినవాళ్లు వాళ్ల వంటింటికి సరిగ్గానే రాశారు. బెజవాడలో గది 38, పిండి 37, చెయ్యి 3. మొత్తం 78. మిగిలింది సున్నా. అంటే ఐసు ముక్కలు తేలే నీళ్లు. అలా కాకపోతే మైదా ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. 10 డిగ్రీలకి దిగిన పిండి తీస్తే 78 మైనస్ 38 మైనస్ 10 మైనస్ 3, ఇరవై ఏడు. మంచినీళ్ల కుండలోంచి ముంచుకున్న నీళ్లు చాలు. ఇంత చిన్న కూడిక, తీసివేత. కూరగాయల బండి దగ్గర రూపాయికి కూడా వదలకుండా లెక్కలేస్తాం కదా!

ఇంకోటి. చిన్న గింజల్లా సన్నగా ఉండే ఇన్‌స్టంట్ ఈస్ట్ కొని, దాన్ని వేడి పాలల్లో చక్కెరేసి పదినిమిషాలు నానబెట్టి "చూశారా బుడగలు" అని ఒక వీడియో. దాన్ని నేరుగా పిండిలో కలిపేయడానికే తయారుచేశారు తల్లీ. నానబెట్టాల్సింది లావు గింజల యాక్టివ్ డ్రై ఈస్ట్. పాలు మరీ వేడైతే, 60 దగ్గరికి వెళ్తే, ఆ బుడగలూ రావు, ఈస్ట్ చచ్చిపోతుంది. ప్యాకెట్ విప్పాక రబ్బరు బ్యాండు వేసి పోపుల డబ్బా పక్కన పెట్టేవాళ్ల గురించి నేను మాట్లాడను. గాలి చొరని సీసాలో పోసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే నెలల తరబడి బతుకుతుంది.

"చేతి కొలతే అండీ, మా అమ్మమ్మ కొలతలు చూసేదా?" అంటారు. చూసేది! ఆవకాయ రోజు అమ్మమ్మ దగ్గరికెళ్లి కారం "సరిపడా" వెయ్యనా అని అడిగి ఉంటే తెలిసేది. గిద్దె, సోల, తవ్వ, మానిక, ఇవన్నీ ఎందుకున్నాయి మరి ఇంట్లో, దేవుడి పటం ముందు పెట్టడానికా? ముక్కలు ఇన్ని, కారం ఇంత, ఉప్పు ఇంత, ఆవపిండి ఇంత అని తలకొట్టి కొలిచేది. ఏడాది నిలవుండాల్సిన దానితో అంచనాలు ఆడరని ఆవిడకి తెలుసు.

కప్పుతో వచ్చిన చిక్కేంటంటే డబ్బాలో ముంచి తీస్తే మైదా 145 గ్రాములు వస్తుంది, చెంచాతో వదులుగా నింపితే 120. రెండు కప్పులకే 50 గ్రాముల తేడా. "సరిపడా" పాలు ఎవరికి సరిపోయినట్టు? 8 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు టిన్ను మామూలుగా అందరిళ్లలో ఉండేది. దానికి మైదా 300 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు 195, చక్కెర 24, వెన్న 24, ఉప్పు 5 నుంచి 6, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3. ఈ ఎండల్లో ఈస్ట్ 2కి దించండి. వెన్న మొదట్లోనే వేస్తే జిగురు పట్టడానికి చాలాసేపు పడుతుంది, ముందు ముద్ద సాగడం మొదలయ్యాక వేయండి. చిన్న ఉండ తీసి వేళ్లతో సాగదీస్తే చిరగకుండా అవతలి వెలుగు కనపడేంత పల్చగా రావాలి. రాలేదంటే ఇంకా పిసకాలి, అంతే.

ఉప్పు రుచికి తగినంతట. పప్పయితే వడ్డించే ముందు నాలిక మీద వేసుకుని ఇంకో చిటికెడు వేస్తాం. కాల్చిన బ్రెడ్డులో చిటికెడు ఎక్కడ దూర్చాలి? ఉప్పు మర్చిపోతే రుచే కాదు, ఈస్ట్‌కి పగ్గం లేకుండా పోయి ముద్ద జావగా జారుతుంది.

ఓటీజీ, అదే కరెంటు మీద నడిచే చిన్న ఓవెన్, దాని దగ్గరికి వద్దాం. డయల్ మీద 180 అని ఉంటే లోపల 180 ఉందని నమ్మే అమాయకత్వం ఇంకా ఉంది. లోపల 160 ఉండొచ్చు, 210 ఉండొచ్చు. కడ్డీలు ఎర్రగా వెలిగి ఆరిపోయి మళ్లీ వెలిగే పెట్టె అది. అందుకే ఓవెన్‌లో వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి, ముద్దలో గుచ్చేది ఒకటి పెట్టుకోండి. చిన్న ఓటీజీలో బ్రెడ్డు పొంగేసరికి పై కడ్డీకి రెండంగుళాల దూరంలోకి వచ్చేస్తుంది. పైన మాడి, లోపల పచ్చి. అన్నిటికన్నా కింది అరలో పెట్టి, 20 నిమిషాలకి రంగు రాగానే పైన ఫాయిల్ కప్పండి. మధ్యలో గుచ్చి చూస్తే పాల బ్రెడ్డుకి 90 దాటాలి, వట్టి నీళ్లతో చేసినదానికి 95. ఇదండీ "బేక్ అయ్యేదాకా" అంటే.

తీశాక టిన్నులోనే వదిలేస్తే ఆవిరి బయటికి పోయే దారిలేక కింద చెమట పట్టి, పక్కలు లోపలికి పీక్కుపోతాయి. తీసి జల్లెడ మీదో, ఇనప స్టాండు మీదో గంట పెట్టాలి. కానీ గంట ఆగితే పొగలు కక్కే బ్రెడ్డుని రెండు చేతులతో చీల్చే వీడియో రాదు కదా! ఆ చీల్చిన ముక్క నోట్లో పెట్టుకుంటే పంటికి అంటుకుంటుంది, అది మాత్రం వీడియోలో కనపడదు.

స్వీట్ల సంగతి ఎత్తితే రాత్రవుతుంది, రెండు మాటల్లో చెప్పి వదిలేస్తా. "రంగుల్లేని సహజమైన బీట్‌రూట్ రెడ్ వెల్వెట్ కేక్" అని పెట్టి లోపల చిలకముక్కు ఎరుపు చూపిస్తున్నారు. వంటసోడా పడి, 170లో అరగంట కాలిన బీట్‌రూట్ ఇటుకరాయి రంగుకొస్తుంది, ఇంకాస్త కాలితే గోధుమరంగే. ఆ ఎరుపు సీసాలోది. సీసాలోదని చెప్పండి, ఎవరూ కొట్టరు. అలాగే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్‌ని గిలకొట్టి శిఖరాల్లా నిలబెట్టానంటారు. 30 శాతం దాటకపోతే అది నిలబడదు. ఫొటోలో నిలబడింది వనస్పతి కొవ్వుతో చేసిన డబ్బా క్రీము.

ఇక్కడే అసలు మంట మొదలవుతుంది. పొద్దుటి బ్రెడ్డు ఒక సాకు, నా కోపం చాలా పాతది. ఇదే బ్యాచ్, ఇదే గళ్ల టవలు, పోయిన నెల "నో మైదా, 100 శాతం గోధుమపిండి బ్రెడ్" అని పెట్టి ఆర్డర్లు తీసుకున్నారు. ఫొటో చూస్తే తెల్లగా, ఎత్తుగా, దారాలు దారాలుగా చీలుతోంది. మర ఆడించిన గోధుమపిండితో అలా రాదండీ. రాదు. తవుడు ముక్కలు జిగురు గోడల్ని లోపల్నుంచి కోస్తూ ఉంటాయి. పైగా తిరగలి రాళ్ల మధ్య నలిగిన పిండి మొదట్లో నీళ్లు బాగా తాగేసి, పులిసే కొద్దీ వదిలేస్తుంది. అందుకే కలిపినప్పుడు గట్టిగా ఉన్న ముద్ద గంటకి జారిపోతుంది. చపాతీకి అంత బాగా వచ్చే పిండి బ్రెడ్డుకి ఎందుకు రాదని అడుగుతారు. చపాతీ పొంగాల్సింది ఒక్క క్షణం, బ్రెడ్డు గంటలు నిలబడాలి.

నిజమైన గోధుమ బ్రెడ్డు కావాలంటే వస్తుంది, చేయొచ్చు. గోధుమపిండి 300, నీళ్లు 235, ముందు ఈ రెండే కలిపి 40 నిమిషాలు మూతపెట్టండి, తవుడు నానుతుంది. తర్వాత ఉప్పు 6, ఈస్ట్ 3, బెల్లం 15, నూనె 15. ముద్ద చేతికి అంటుతుంది, పొడిపిండి చల్లకండి, చేతులు తడుపుకోండి. రెట్టింపు కోసం చూడొద్దు, ఒకటిన్నర వంతు పొంగగానే టిన్నులోకి. టిన్ను అంచుకి సమంగా రాగానే ఓవెన్‌లోకి, 190లో 35 నిమిషాలు. వచ్చేది పొట్టిగా, ముదురు రంగులో, గట్టిగా, నెయ్యి రాసి కాల్చుకుంటే ఎంతో రుచిగా ఉండే బ్రెడ్డు. దూది కాదు. దూది కావాలంటే సగం మైదా కలపండి, లేదా 20 గ్రాముల గ్లూటెన్ పొడి, అంటే గోధుమ జిగురు పొడి, కలపండి, కలిపామని రాయండి. షాపులో బ్రౌన్ బ్రెడ్డు ప్యాకెట్ తిప్పి చూడండి, ఎక్కువ బరువున్నది ముందు రాయాలి కాబట్టి చాలావాటిలో మొదటి పేరు శుద్ధి చేసిన గోధుమపిండి, అంటే మన మైదానే, చివర్లో క్యారమెల్ రంగు, 150 నంబరుతో. వాళ్లు కనీసం చిన్న అక్షరాల్లో అయినా రాస్తారు. మన అక్కలు అదీ రాయరు, షుగరున్న పెద్దవాళ్లకి "గోధుమది" అని పంపిస్తారు. ఇది మాత్రం సరదా కాదు.

మీది కూలిపోయిందా, కూలిపోయిన ఫొటో పెట్టండి. అడ్డంగా కోసిన ముక్క, వెలుతురులో, టవలు లేకుండా. అడుగున ముద్దగా గీత ఉందా, పైపొర కింద సొరంగం ఉందా చూసి ఎక్కడ తప్పిందో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. పోయినా నష్టం లేదు, ముక్కలు ఒకరోజు ఆరబెట్టి నెయ్యిలో వేయించి పాకం పోస్తే డబల్ కా మీఠా, దానికి మెత్తటి తాజా బ్రెడ్డు పనికే రాదు. తూకం యంత్రం నాలుగొందలకి దొరుకుతోంది, ఆ మల్లెపూలకి మూడు సార్లు పెట్టే డబ్బులే.

ఇది రాస్తుండగానే అక్కడ ఇంకో ప్రశ్న వచ్చింది: "పాలు ఎంత వెచ్చగా ఉండాలండీ?"

జవాబు కూడా వచ్చేసింది: "చంటిపిల్లకి స్నానం పోసేంత."