అమ్మ చూసిన లింకన్

నాన్న ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. షికాగోలో మా ఇంట్లో దిగిన దగ్గర్నుంచీ ఒకటే పాట: "స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్దాంరా, లింకన్ ఇల్లు చూడాలి."

కారులో మూడు గంటల పైమాటే. శనివారం బయల్దేరదామని, శుక్రవారం రాత్రి సినిమా పెట్టాను. లింకన్ మీద 2012లోనే రెండు పెద్ద సినిమాలొచ్చాయి. ఒకటి స్పీల్‌బర్గ్‌ది, అందులో వేసినందుకు డేనియల్ డే లూయిస్‌కి ఆస్కార్ వచ్చింది. రెండోది 'అబ్రహాం లింకన్: వాంపైర్ హంటర్'. ఇందులో లింకన్ వెండి పూత గొడ్డలితో రక్తపిశాచుల్ని నరుకుతాడు. నేను ఏది నొక్కానో వేరే చెప్పాలా?

జెట్‌లాగ్‌తో నాన్న పేర్లు పడుతుండగానే గురక. నేను పక్కగదిలో ఆఫీసు కాల్‌లో ఇరుక్కున్నాను. అమ్మ ఒక్కతే చివరిదాకా చూసింది. ఇంగ్లీషు రాదు. అయితేనేం, విఠలాచార్య జానపదాలు చూస్తూ పెరిగిన మనిషి. దెయ్యాల కథకి భాషతో పనేముంది?

పొద్దున్నే నాన్న చేతికి కాఫీ ఇస్తూ అడిగింది. "ఆ దొరలు బానిసల రక్తం పీల్చారని పిల్లలకి చెప్పేవారు కదండీ, మాటవరసకనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజంగానే కోరలు దింపి తాగారటగా!"

నాన్న నావంక చూశారు. నా పదో తరగతి లెక్కల మార్కులు చూసిన రోజు కూడా ఇలాగే చూశారు.

"అదంతా కల్పనే."

"మరి వాళ్ళమ్మని చంపింది పిశాచి కాదా?"

"కాదు. 1818లో, లింకన్‌కి తొమ్మిదేళ్ళప్పుడు, ఆవు ఏదో విషపు మొక్క మేస్తే, ఆ పాలు తాగి పోయిందావిడ."

"ఆవుపాలు తాగి పోయిందా!" అమ్మ కాసేపు ఆలోచించింది. "దానికన్నా పిశాచే నయం. నమ్మేట్టుంది."

దారి పొడుగునా మొక్కజొన్న చేలే. నాన్న 1863 బానిసల విముక్తి ప్రకటన నుంచి, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ దాకా చెబుతూనే ఉన్నారు. అమ్మ ఊఁ కొడుతూ నిద్రపోయింది. ఆయన క్లాసులో వెనక బెంచీ కూడా ఇలాగే ఉండేదని విన్నాను.

లింకన్ ఇల్లంతా చూపించాక గైడు, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాడు. అమ్మ నా మోచెయ్యి పొడిచింది. "ఆ గొడ్డలెక్కడ పెట్టారో అడగరా."

నాన్న గోడవైపు తిరిగి వాల్‌పేపర్ పువ్వులు లెక్కపెట్టడం మొదలెట్టారు.

పిశాచాల ఊసు మింగేసి, లింకన్‌కీ గొడ్డలికీ ఏమైనా సంబంధముందా అని మాత్రం అడిగాను. గైడు మొహం వెలిగిపోయింది. లేకపోవడమేంటి! చిన్నప్పుడు అడవి కొట్టాడు, కంచెలకి దుంగలు చీల్చాడు, 1860 ఎన్నికల్లో 'రైల్ స్ప్లిటర్', అంటే కంచె దుంగలు చీల్చేవాడు, అన్న పేరుతోనే ప్రచారం జరిగింది. చెబుతూ చెబుతూ రెండు చేతులూ తల మీదకెత్తి, గాల్లోనే ఒక్క వేటు వేసి చూపించాడు.

దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

"చూశారా, మాస్టారూ!" అంది అమ్మ.