సవరణ: ఆ 47 శాతం లెక్క మన దేశానిది కాదు

"ఇరవై ఏళ్లలో మన దేశంలో 47 శాతం ఉద్యోగాలు యంత్రాలకు పోతాయని ఆక్స్‌ఫర్డ్ తేల్చింది" అని మొన్న రాశాను. అది తప్పు. 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బర్న్ చేసిన ఆ అధ్యయనం అమెరికా గురించి. 702 వృత్తులను చూసి, అక్కడి ఉద్యోగాల్లో 47 శాతానికి యాంత్రీకరణ ముప్పు ఎక్కువన్నారు, అన్నీ పోతాయనలేదు. అసలు పత్రం చదవకుండానే పెట్టాను, పొరపాటు నాదే.

2016లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి) కోసం చేసిన మరో అధ్యయనం వృత్తి మొత్తాన్ని కాక అందులోని ఒక్కో పనిని విడిగా లెక్కగట్టింది. ముప్పు ఎక్కువున్న ఉద్యోగాలు 21 దేశాల సగటున 9 శాతమే అని తేలింది.

ఈ తేడా మన నల్లగొండోళ్లకు తెలిసిందే. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం ఆసు పోసే పనిని, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పనిని తీసుకుంది, మగ్గం మీది నేతను కాదు. ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించి భుజాలు పోగొట్టుకున్న తల్లులకు అదెంత ఊరటో!

నా పోస్టు చూసి మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే ఒకాయన "నా పని పోతదా సార్" అని ఫోన్ చేసిండు. ఆయన పనికి ముప్పే లేదని నేననడం లేదు. కానీ ఆయన్ని భయపెట్టిన ఆ అంకె ఆయనది కాదు. పాత పోస్టులో దాన్ని తీసేశాను.