రోజు తీరును నిర్ణయించేది వయసా, కాలమా?

వయోవాది: మనిషి రోజులో ఎంత కదులుతాడు, ఏ వేళ కదులుతాడు అన్నది ప్రధానంగా వయసును బట్టే ఉంటుందని నా వాదం. బాల్యంలో ఎక్కువగా ఉండే కదలిక కౌమారంలో తగ్గుతుంది, నడివయసులో కొంత నిలకడగా సాగుతుంది, వార్ధక్యంలో మళ్ళీ క్షీణిస్తుంది. వయోవర్గాల వారీగా వేసే పట్టికలన్నీ చూపేది ఇదే.

కాలవాది: ఆ పట్టికలు ఒక మనిషి జీవితాన్ని వెంబడించి రాసినవి కావు. ఒకే ఏడాదిలో పదేళ్ళ పిల్లలను, నలభై ఏళ్ళవారిని, డెబ్బై ఏళ్ళవారిని కొలిచి, ఆ చుక్కలను కలిపి గీసిన గీతను మీరు జీవితరేఖ అంటున్నారు. వారు పుట్టిన కాలాలు వేరు, పెరిగిన ఇళ్ళు వేరు, చేసిన పనులు వేరు. ఆ తేడాలన్నింటినీ వయసు ఖాతాలో జమ చేయడం న్యాయం కాదు.

వయోవాది: శరీరధర్మాన్ని అంత తేలికగా పక్కన పెట్టలేరు. రోజువారీ శక్తి వినియోగంపై 2021లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం 29 దేశాల నుంచి ఆరు వేలమందికి పైగా మనుషుల కొలతలను పరిశీలించింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఏడాది వయసున్న శిశువు ఖర్చుచేసే శక్తి పెద్దవారికన్నా సుమారు 50 శాతం ఎక్కువ. అరవై దాటాక అది క్రమంగా తగ్గుతుంది. కౌమారంలో నిద్రపోయే వేళ, లేచే వేళ ఆలస్యమై, ఇరవై ఏళ్ళ ప్రాంతం నుంచి మళ్ళీ త్వరపడటం కూడా శరీరంలోని గడియారం పనే. బడి పెట్టినా పెట్టకపోయినా ఆ గడియారం ఆగదు.

కాలవాది: అదే అధ్యయనం ఇరవై నుంచి అరవై దాకా శక్తి వినియోగం స్థిరంగా ఉంటుందని కూడా తేల్చింది. మరి ఆ నలభై ఏళ్ళలో ఒకరి రోజుకూ మరొకరి రోజుకూ ఇంత తేడా ఎక్కడిది? లండన్ బస్సుల్లో పనిచేసేవారిపై జెరెమీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన పరిశోధనను గుర్తు చేసుకోండి. డ్రైవర్లు, కండక్టర్లు అంతా 35 నుంచి 64 ఏళ్ళ లోపు మగవారే, ఎక్కేదీ ఆ బస్సులే. అయినా రోజంతా కూర్చునే డ్రైవర్లలో గుండెజబ్బు ఎక్కువగా, రెండంతస్తుల బస్సు మెట్లెక్కి దిగే కండక్టర్లలో తక్కువగా కనిపించింది. ఒకే వయసువారిని రెండు రకాల రోజుల్లోకి విడదీసింది వారి పని. అమెరికాలో ప్రైవేటు రంగ ఉద్యోగాలను పరిశీలించిన 2011 నాటి అధ్యయనం ప్రకారం, 1960 దశకం ఆరంభంలో దాదాపు సగం ఉద్యోగాలకు కనీసం మధ్యస్థ స్థాయి శ్రమ అవసరమయ్యేది. ఆ అధ్యయనం నాటికి అలాంటివి 20 శాతం కూడా లేవు. ప్రపంచమంతటా తగినంత కదలిక లేని పెద్దవారు 2022లో 31 శాతం ఉన్నారని, 2010తో పోలిస్తే ఇది దాదాపు 5 శాతం పాయింట్లు పెరిగిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జనాభాలో వృద్ధులు పెరిగిన ప్రభావాన్ని సర్దుబాటు చేశాక తేలిన సంఖ్య అది. ఇక 2003–2006 అమెరికా జాతీయ సర్వేలో పరికరాలతో నమోదైన కదలికను 2017లో విశ్లేషించినప్పుడు, 19 ఏళ్ళ యువత అరవై ఏళ్ళవారంత తక్కువగా కదులుతున్నట్లు, ఇరవైలలో ఆ కదలిక మళ్ళీ పెరిగినట్లు తేలింది. ఈ పడి లేవడానికి కారణం శరీరంలో దొరకదు. చదువు నుంచి ఉద్యోగానికి మారే ఆ కొద్ది ఏళ్ళ జీవితంలో దొరుకుతుంది.

వయోవాది: పరికరాల మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. నడుముకు కట్టే పరికరం సైకిల్ తొక్కడాన్నీ, బరువులు మోయడాన్నీ సరిగా పట్టుకోదు. దాన్ని ఎలా నమ్ముతారు?

కాలవాది: ఆ లోపం మీ పట్టికలకే ఎక్కువ చేటు. చిన్నపిల్లల తీవ్రమైన కదలికలు ఎక్కువగా కొన్ని క్షణాలే ఉంటాయని 1995 నాటి పరిశీలన ఒకటి చూపింది. కదలికను నిమిషానికోసారి కలిపి లెక్కించే పద్ధతిలో ఆ క్షణాలు సగటులో కరిగిపోతాయి. పెద్దవారి విషయంలో 2010 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కనీసం పది నిమిషాలు ఆగకుండా సాగిన శ్రమనే లెక్కలోకి తీసుకోమన్నాయి. 2020లో ఆ షరతు తీసేశారు. ఇంటిపని మధ్యలో తెగుతూ సాగే శ్రమ అన్నాళ్ళూ లెక్కకు రాలేదంటే, ఎవరి రోజు చిన్నదిగా కనిపించిందో ఆలోచించండి.

వయోవాది: ఆలోచించాను. ఆ కత్తి మీ మెడ మీదా ఉంది. యాభై ఏళ్ళ కిందట మనుషులను అడిగి రాసుకున్నారు, ఇప్పుడు పరికరం కడుతున్నారు. కొలిచే తీరే మారినప్పుడు కాలంతోపాటు కదలిక తగ్గిందని మీరు మాత్రం ఎలా నిరూపిస్తారు? పైగా, పుట్టిన ఏడాదికి వయసు కలిపితే వచ్చేదే కొలిచిన ఏడాది. మూడింటిలో రెండు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది. ఒకే తరాన్ని జీవితాంతం వెంబడించినా, వాళ్ళు ముసలివారైనందువల్ల తగ్గారో, లోకం మారినందువల్ల తగ్గారో మీరు విడదీయలేరు.

కాలవాది: గణితం వరకు మీ మాట నిజం, దానికి నా దగ్గర సమాధానం లేదు. అయితే ఏ ఉద్యోగంలో ఎంత శ్రమ ఉందో చెప్పడానికి నడుముకు కట్టే పరికరం అక్కరలేదు. ఒక్క సర్వేతో సరిపెట్టుకోకుండా, వేర్వేరు కాలాల్లో పుట్టినవారిని ఒకే వయసులో, ఒకే పద్ధతిలో కొలిచి పోల్చమని మాత్రం అడగగలను. పట్టికలో వయసు పక్కన పుట్టిన దశాబ్దం కూడా రాయమనడం పెద్ద కోరిక కాదు.

వయోవాది: రాయండి, అభ్యంతరం లేదు. కానీ 65 దాటినవారికి వారంలో కనీసం మూడు రోజులు తూలి పడకుండా నిలిపే వ్యాయామాలు చేయమని చెప్పేటప్పుడు, వారు ఏ దశాబ్దంలో పుట్టారని నేను అడగను.

కాలవాది: అడగనక్కరలేదు, అక్కడ వయసే చాలు. అదే పద్ధతిలో పదహారేళ్ళ పిల్లను చూసి, ఈ వయసులో కదలిక తగ్గడం సహజమని చేతులు దులుపుకోకండి. ఆమె కూర్చునే గంటలను నిర్ణయించింది పెద్దవారు వేసిన కాలపట్టిక. శరీర గడియారం ఆలస్యంగా లేపుతుందని మీరే చెప్పారు. అయినా బడిగంట తెల్లవారకముందే మోగాలని పట్టుబట్టేదీ మనమే.

వయోవాది: బడివేళ విషయంలో మీతో నాకు పేచీ లేదు. వేళ మార్చి, పాతికేళ్ళ తరువాత అదే పద్ధతిలో మళ్ళీ కొలిస్తే గీత ఎటు తిరుగుతుందన్నది మాత్రం మీరు ఇప్పుడే చెప్పలేరు.

కాలవాది: చెప్పలేను. ముందు వేళ మార్చమంటున్నాను.