మహారాజశ్రీ బోర్డు గారికి

మహారాజశ్రీ ‘ఎవరికైనా సేవ నిరాకరించే హక్కు మాకు కలదు’ అను బోర్డు గారి దివ్యసముఖమునకు, ఇండియానా రాష్ట్రం నుంచి ఒక పాత గిరాకీ నమస్కరించి రాసుకొనునది. ఉభయకుశలోపరి.

నేను శనివారం పొద్దున్నే ఆమ్లెట్టు తినే చిన్న హోటల్లో, కాఫీ మిషనుకీ లాటరీ టికెట్ల స్టాండుకీ మధ్య మేకుకి వేలాడుతుంటారు తమరు. తెల్ల రేకు, ఎర్ర అక్షరాలు, ఒక మూల కాస్త తుప్పు. డబ్బులిచ్చేటప్పుడల్లా మీ మొహం చూస్తూనే ఉన్నాను గాని మనకి మాటల్లేవు. ఇవాళ తీరిక దొరికింది, రాస్తున్నాను.

మా ఊరి కిరాణా కొట్లోనూ ఒక బోర్డుండేది, ‘నేడు నగదు, రేపు అరువు’ అని. లక్ష్మీదేవి పటం పక్కనే. అరువు ఎవరికీ లేదని చంటిపిల్లాడికైనా అర్థమయ్యేది. మీరలా కాదు. ‘ఎవరికైనా’ అంటారు, ఎవరికో చెప్పరు. తాగొచ్చి బల్ల మీద గుద్దేవాడి కోసమా? చొక్కా తొడుక్కోకుండా వచ్చినవాడి కోసమా? అడిగితే, అబ్బే అలాంటివాళ్ళ కోసమేనండీ అంటారు. అలాంటివాళ్ళని బయటికి పంపడానికి బోర్డు దేనికి, రెండు చేతులు చాలు కదా.

ఏమనుకోకండి, మీ వంశ చరిత్ర కొంచెం తవ్వాను. 1960లలో సౌత్ కెరొలినాలో మారిస్ బెసింజర్ అనే ఆయనకి పిగ్గీ పార్క్ పేరుతో 5 డ్రైవ్-ఇన్‌లూ (కార్లోనే కూర్చుని తినే హోటళ్ళు), ఒక శాండ్‌విచ్ కొట్టూ ఉండేవి. బార్బెక్యూ మాంసానికి పేరున్న చోటు. నల్లవాళ్ళొస్తే వంటింటి కిటికీలోంచి పొట్లం కట్టిచ్చేవారు, అక్కడే కూర్చుని తింటామంటే కుదరదు. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చింది, ఆయన మీద కేసు పడింది. ఆయన చెప్పుకున్న జవాబుల్లో ఒకటి: తెల్లా నల్లా కలవడం దేవుడికి ఇష్టం లేదు, ఈ చట్టం నా మతస్వేచ్ఛని కాలరాస్తోంది. 1968లో సుప్రీంకోర్టు ఆ వాదనకి అసలు పాఠంలో చోటు కూడా ఇవ్వలేదు. ఇది పట్టించుకోదగ్గ వాదనే కాదని ఫుట్‌నోట్‌లో ఒక ముక్క రాసి వదిలేసింది.

ఆ వంటింటి కిటికీ గురించి చదువుతుంటే మా తాతగారి ఊరి టీ కొట్టు గుర్తొచ్చింది. లోపల అలమరలో కొన్ని గ్లాసులు, బయట చూరులో దోపిన కొన్ని గ్లాసులు. చూరు గ్లాసు ఎవరు తీసుకోవాలో, తాగి ఎవరు కడిగి పెట్టాలో ఊరంతటికీ తెలుసు. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది, 15వ అధికరణంలో కొట్లనీ హోటళ్ళనీ పేరు పెట్టి మరీ చెప్పింది. గ్లాసులకి చదువు రాదు కనక చూరులోనే ఉండిపోయాయి. అక్కడ మీలాంటి బోర్డు ఎవరూ పెట్టలేదు. అవసరం పడలేదు.

మళ్ళీ మీ దగ్గరికొస్తాను. హోటళ్ళ విషయంలో ఆ 1964 చట్టం చెప్పినవి నాలుగే: జాతి, రంగు, మతం, పుట్టిన దేశం. ఆ నాలుగో మాట పుణ్యమా అని నేనివాళ మీ ఎదురుగా కూర్చుని ఆమ్లెట్టు తినగలుగుతున్నాను. గే అయినవాళ్ళ మాట అందులో లేదు. కొన్ని రాష్ట్రాలు, కొన్ని నగరాలు తమంతట తాము చేర్చుకున్నాయి. మా ఇండియానాలో ఇండియనాపొలిస్ చేర్చుకుంది, రాష్ట్రం చేర్చుకోలేదు. అంటే ఊరి పొలిమేర దాటితే మీరన్న ‘ఎవరికైనా’లో వాళ్ళు ఎప్పుడూ ఉన్నట్టే. అంత ధీమా ఉండి కూడా తమరికి మళ్ళీ మతస్వేచ్ఛ పేరుతో ఒక కొత్త చట్టం కావలసి వచ్చింది!

ఆ చట్టం పుట్టుక విచిత్రం. ఓరెగన్‌లో మత్తు మాన్పించే సంస్థలో పనిచేసే ఇద్దరు, నేటివ్ అమెరికన్ చర్చి పూజలో పెయోటీ అనే, చట్టం నిషేధించిన మత్తు జెముడు మొక్కని ప్రసాదంగా తిన్నారు. ఉద్యోగాలు ఊడాయి. నిరుద్యోగ భృతి అడిగితే లేదన్నారు. 1990లో సుప్రీంకోర్టూ లేదనే అంది. రాసింది జస్టిస్ స్కాలియా, నిష్ఠగల కేథలిక్కు. అందరికీ ఒకటిగా వర్తించే చట్టాన్ని మతం పేరు చెప్పి ఎవరికి వారు దాటేస్తే, చివరికి ప్రతివాడూ తనకి తానే ఒక చట్టమై కూర్చుంటాడని ఆయన భయం. దేశమంతా గగ్గోలెత్తింది. ఎడమ పక్షంవాళ్ళూ కుడి పక్షంవాళ్ళూ, చర్చిలూ పౌరహక్కుల సంఘాలూ ఒక్కటై 1993లో మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం తెచ్చారు. సెనేట్‌లో 97 మంది ఔనంటే ముగ్గురే కాదన్నారు. ఎవరి భక్తికైనా ప్రభుత్వం అడ్డు తగలాలంటే గట్టి కారణం చూపించాలి, ఆ అడ్డు కూడా వీలైనంత చిన్నదై ఉండాలి. మంచి మాటే. నేనుంటే నేనూ చెయ్యెత్తేవాణ్ణి. అది రాష్ట్రాలకి వర్తించదని 1997లో కోర్టు అనేసరికి, రాష్ట్రాలు ఒక్కొక్కటే తమ సొంతవి రాసుకోవడం మొదలెట్టాయి. జెముడు మొక్క ప్రసాదం కోసం వేసిన పందిరి కింద ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పిజ్జా కొట్లు కాపురం పెట్టాయి.

పిజ్జా అని ఊరికే అనలేదు. 2015 మార్చి 26న మా గవర్నరు మైక్ పెన్స్ ఇండియానా చట్టం మీద సంతకం పెట్టారు. ఇందులో కంపెనీలకీ భక్తి ఉంటుందన్నారు. ప్రభుత్వంతో పని లేకుండా ఇద్దరు మామూలు మనుషుల తగాదాలోనూ ఈ కత్తి దూయొచ్చన్నారు. మూడు రోజులకి టీవీలో, ఈ చట్టంతో గేలకి సేవ లేదనొచ్చా, ఔనా కాదా చెప్పండని అడిగితే, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు ఆయన చట్టం చుట్టూ ప్రదక్షిణలు చేశారు గాని ఆ రెండక్షరాల ముక్క నోట్లోంచి రాలేదు. ఈలోగా ఆంజీస్ లిస్ట్ అనే కంపెనీ 4 కోట్ల డాలర్ల విస్తరణ పనిని ఆపేసింది. కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్స్ వారంలో మా ఇండియనాపొలిస్‌లోనే ఉన్నాయి. ఆ ఆటలు నడిపే సంఘం కూడా మా ఊళ్ళోదే, అది ముఖం చిట్లించింది. ఏప్రిల్ 2కల్లా సవరణ వచ్చేసింది, ఈ చట్టం చూపించి గిరాకీని వెళ్ళగొట్టడానికి లేదని. బైబిలు వల్ల కానిది, రాజ్యాంగం వల్ల కానిది, బంతాట వల్ల అయింది.

ఆ వారమే ఇక్కడికి ఉత్తరాన వాకర్టన్ అనే చిన్న ఊళ్ళో ఒక పిజ్జా కొట్టువాళ్ళని టీవీవాళ్ళు అడిగారు. కొట్టుకొచ్చి తినేవాళ్ళెవరైనా సరే గాని గే పెళ్ళికి మాత్రం పిజ్జాలు పంపేది లేదన్నారు వాళ్ళు. నిజానికి పంపమని ఎవరూ అడగలేదు. పెళ్ళికి పిజ్జా పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు, ఏ రకం పెళ్ళయినా. బెదిరింపులొచ్చి పాపం వాళ్ళు కొన్నాళ్ళు షట్టరు దించుకోవలసి వచ్చింది. బెదిరించినవాళ్ళు చేసింది వెధవ పని. ఆ తర్వాత అభిమానులు చందాలేస్తే 8 లక్షల 40 వేల డాలర్లు దాటింది. ఒక్క పిజ్జా కాల్చకుండా! బోర్డు గారూ, లేదనడానికి ఇంత బోణీ పలికిన బేరం మా బెజవాడ వన్‌టౌన్‌లో కూడా వినలేదు.

అప్పుడే డల్లాస్ నుంచి మా బాబాయి ఫోను. “ఎవడి కొట్టు వాడిదిరా. ఇష్టమైతే అమ్ముతాడు, లేకపోతే లేదు. మధ్యలో నీకెందుకు?”

“2001లో, ఆ సెప్టెంబరు తర్వాత, పెట్రోలు బంకులో నీకు కాఫీ పొయ్యనన్నాడని చెప్పావు గుర్తుందా బాబాయ్? అప్పుడు కూడా ఎవడి కొట్టు వాడిదనే అనుకున్నావా?”

“అది వేరు.”

“ఎలా వేరు?”

“అది నేను కదరా!”

ఇంత సూటిగా ఏ జడ్జీ చెప్పలేదు.

కేకుల సంగతి ఎత్తకుండా మీకు ఉత్తరం రాస్తే పాపం వస్తుంది. 2012 జూలైలో కొలరాడోలోని లేక్‌వుడ్‌లో మాస్టర్‌పీస్ కేక్‌షాప్‌కి ఇద్దరు అబ్బాయిలు, వాళ్ళలో ఒకరి అమ్మ, వెళ్ళారు. పెళ్ళి మాసచూసెట్స్‌లో, ఎందుకంటే అప్పటికి కొలరాడోలో కుదరదు. విందు మాత్రం ఇక్కడ. యజమాని జాక్ ఫిలిప్స్ పుట్టినరోజు కేకులిస్తాను, బిస్కట్లిస్తాను, బ్రౌనీలిస్తాను గాని మీ పెళ్ళికి కేకు చెయ్యనన్నారు. ఏ కేకో, ఎలా ఉండాలో అన్నదాకా మాట రానేలేదు. నిమిషం పట్టని ఆ బేరం సుప్రీంకోర్టు దాటడానికి ఆరేళ్ళు పట్టింది.

ఆయన దొంగభక్తుడని నేననను. హాలోవీన్ దెయ్యాల కేకులు కూడా చెయ్యడట, డబ్బొచ్చే పండగ అది. ఆయన్ని విచారించిన రాష్ట్ర పౌరహక్కుల కమిషన్‌లో ఒకరు మతస్వేచ్ఛని బానిసత్వంతో, యూదుల ఊచకోతతో ముడిపెట్టి నోరు పారేసుకున్నారు. 2018లో కోర్టు 7–2తో ఆ నోటిదురుసునే పట్టుకుని ఆయన్ని గెలిపించింది. మరి కేకు ఇవ్వాలా అక్కర్లేదా? అది ఇంకోసారి చూద్దామంది. కొండను తవ్వారు, ఎలుక తోక దొరికింది.

మా అమ్మమ్మ మడి కట్టుకుని వంట చేసేది. నేను బడి నుంచొచ్చి తగిలితే మళ్ళీ నీళ్ళోసుకునేది. మడి గొప్పదని నేననను, దాని లోపలి సంగతులు నాకు తెలుసు. కానీ ఆవిడ ఒక్క పని చెయ్యలేదు. వీధిలో మెస్సు పెట్టి, భోజనం తయారని అరిచి, లోపలికొచ్చినవాణ్ణి ఎగాదిగా చూడలేదు.

మతం పాతబడ్డాక తమరు వేషం మార్చారు, కళాకారులయ్యారు. ఇచ్చేది సరుకు కాదు, భావప్రకటన. కేకు కేసు విచారణలో జస్టిస్ కేగన్ జుట్టు దువ్వేవాళ్ళ మాటేమిటని, మేకప్ ఆర్టిస్టు మాటేమిటని అడిగారు. వాళ్ళది కళ కిందికి రాదన్నారు బేకరీ తరఫు లాయరు. పేరులోనే ఆర్టిస్టు ఉంది కదా అన్నారు కేగన్. నాకు వెంటనే మా తెలుగు పెళ్ళి కళ్ళ ముందు కదిలింది. మండపం కట్టేవాడు, సన్నాయి ఊదేవాడు, గోరింటాకు పెట్టేది, పూలజడ కుట్టేది, వీడియో తీసేవాడు, శుభలేఖ అచ్చేసేవాడు, అందరూ కళాకారులే. ఒక్కొక్కరూ తమ అంతరాత్మని సంప్రదించుకుంటూ వెళ్ళిపోతే చివరికి పీటల మీద మిగిలేది పురోహితుడూ, కొబ్బరి బొండామూ. పురోహితుడి అంతరాత్మ గురించి తరవాత.

ఆ వేషం 2023 జూన్ 30న పండింది. కొలరాడోలోనే 303 క్రియేటివ్ అని ఒక వెబ్‌సైట్ల దుకాణం. యజమానురాలు అప్పటికి ఒక్క పెళ్ళి వెబ్‌సైటూ అమ్మకానికి పెట్టలేదు. రేపు పెడితే, ఎల్లుండి గే జంట వస్తే, ఆవలెల్లుండి చట్టం మీదపడితే అని ముందే కోర్టుకెళ్ళారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కోర్టు కాగితాల్లో ఒక గే పెళ్ళి కోసం వచ్చిన విన్నపం ఉంది. తీరా విలేకరులు ఆ పేరుగల మనిషికి ఫోన్ చేస్తే, నేనేమీ అడగలేదు, నాకెప్పుడో ఒక ఆడమనిషితో పెళ్ళయింది అన్నాడాయన. అయినా ఆమె 6–3తో గెలిచారు. గిరాకీ లేకుండానే గిరాకీని వెనక్కి పంపిన ఘనత మీ వంశంలో ఇంకెవరికీ లేదు.

ఒక్క అనుమానం తీర్చండి. మిసిసిపీ 2016లో చేసిన చట్టం మూడు నమ్మకాలకి రక్షణ ఇచ్చింది. పెళ్ళంటే ఒక మగ, ఒక ఆడ. అలాంటి పెళ్ళి లోపలే పడక. మగా ఆడా పుట్టుకతోనే ఖాయం. ఒకటికీ మూడుకీ మీరు ఎప్పుడూ హాజరే. రెండోదాని సంగతేమిటి? పెళ్ళి కేకు ఆర్డరివ్వడానికొచ్చిన అమ్మాయినీ అబ్బాయినీ, మీ ఇద్దరి అడ్రసూ రెండేళ్ళుగా ఒకటే ఎందుకుందని నిలదీసిన బేకరీ ఎక్కడుందో చెబితే నేను విమానం ఎక్కి వెళ్ళి చూసొస్తాను. అంతరాత్మ ఒక గిరాకీ వచ్చినప్పుడే లేచి, మిగతా రోజంతా గల్లాపెట్టె మీద కునుకు తీస్తుందేం?

అదే మిసిసిపీలో 2014లో కొందరు దుకాణదారులు కిటికీలకి చిన్న స్టిక్కర్లు అంటించారు, మీరు కొంటే మేం అమ్ముతాం అని. మా కోమటి శెట్టి చదివితే, ఇది కూడా రాయాలా అని నవ్వుకునేవాడు. అదే ఏడాది ఆరిజోనాలో మీకోసం ఒక బిల్లు చట్టసభ దాటింది. టూసాన్‌లో ఒక పిజ్జా హోటలువాళ్ళు మీ పోలికలతోనే బోర్డు కట్టారు, ‘ఆరిజోనా శాసనసభ్యులకి సేవ నిరాకరించే హక్కు మాకు కలదు’ అని. ఆ బిల్లుని గవర్నరు జాన్ బ్రూవర్ తిప్పికొట్టారు. మీ సంతానంలో నాకు నచ్చింది ఆ బోర్డే. ఎవరికో రాసింది.

చిత్తగించవలెను.

ఇట్లు,
లైన్లో మీ ఎదురుగా నిలబడేవాడు

తా.క.: నిన్న చిల్లర తీసుకుంటూ మిమ్మల్ని చూపించి, ఇది ఎవరికోసం పెట్టారని హోటలామెని అడిగాను. “ఏమో, మేం కొన్నప్పుడే ఉంది” అంది. తీసెయ్యొచ్చుగా అన్నాను. తీస్తే బాగుండదట, మీ వెనక గోడకి కన్నముందట.