సంతకం మాత్రమే అడిగే ఏజెంటు మంచి ఏజెంటు కాడు

బీమా ఏజెంటును ఎంచుకోవడం గురించిన సందేశం ఒకటి కొంతకాలంగా చాలామంది చేతులు మారుతోంది. మంచి ఏజెంటుకు అందులో ఐదు గుర్తులు చెప్పారు: అతడు మనకు బాగా తెలిసినవాడై ఉండాలి, కంపెనీ తరఫున కాక మన తరఫున పనిచేయాలి, ప్రశ్నలతో విసిగించకుండా ఫారం తానే నింపి మన చేత సంతకం పెట్టించుకోవాలి, కమిషన్‌లో కొంత మనకు తిరిగి ఇవ్వాలి, క్లెయిమ్ తప్పక ఇప్పిస్తానని మాట ఇవ్వాలి. పంపుతున్నవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఈ ఐదింటినీ నమ్మి నడిచినవారికి నష్టమే ఎక్కువ. ఆ నష్టం బయటపడేది కూడా కుటుంబం కష్టంలో ఉన్న రోజునే కనుక ఒక్కొక్క దానికీ జవాబు రాస్తున్నాను.

తెలిసినవాడు కావడం తప్పు కాదు, అయితే అది అర్హత కూడా కాదు. మనిషి నిజాయతీపరుడన్న నమ్మకం వేరు, పాలసీలోని మినహాయింపులు, అంటే ఏ నష్టాలకు డబ్బు రాదో, అతనికి తెలుసునన్న నమ్మకం వేరు. పైగా దగ్గరివాడిని గుచ్చి గుచ్చి అడగడానికి మొహమాటపడతాం, వద్దని చెప్పడానికి ఇంకా మొహమాటపడతాం. పరిచయం ఉన్నా లేకపోయినా లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో నియంత్రణ సంస్థ రికార్డులో చూడాలి, ప్రీమియం కంపెనీ పేరిటే కట్టి రసీదు తీసుకోవాలి.

రెండో మాట చట్టం దృష్టిలోనే సరికాదు. సాధారణంగా ఏజెంటు బీమా కంపెనీకి ప్రతినిధి. కొనేవారి తరఫున పనిచేసే వ్యక్తిని బ్రోకర్ అంటారు. ఒకే కంపెనీకి కట్టుబడిన ఏజెంటు ఆ కంపెనీ పాలసీలనే చూపిస్తాడు, అందులో మోసం ఏమీ లేదు. మార్కెట్టంతా గాలించి మనకు సరిపడేది తెచ్చాడని మనం అనుకోవడంలోనే పొరపాటు ఉంది. మీరు ఎన్ని కంపెనీల పాలసీలు అమ్మగలరు, ఎవరి తరఫున మాట్లాడుతున్నారు అని మొదటి సమావేశంలోనే అడగడం మర్యాద తప్పడం కాదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మూడో గుర్తు. బీమా ఒప్పందం మనం చెప్పే వివరాల మీదనే నిలబడుతుంది. మన ఆరోగ్యం, అలవాట్లు, ఇంటి స్థితి కంపెనీకి స్వయంగా తెలియవు కనుక, ప్రపోజల్ ఫారంలోని జవాబులను నమ్మే అది ప్రీమియం లెక్క కడుతుంది. ఆ జవాబుల కింద ఉండేది మన సంతకం. ఇంగ్లండ్‌లో 1929లో అప్పీలు కోర్టు తేల్చిన న్యూషోల్మ్ బ్రదర్స్ కేసులో, అసలు వాస్తవాలు తెలిసిన ఏజెంటే ఒక బస్సు బీమా ఫారంలో తప్పు జవాబులు రాశాడు. అయినా ఫారం నింపే పనిలో అతడు సంతకం చేసినవారి లేఖకుడి వంటివాడేనని, ఆ తప్పుల భారం వారిదేనని కోర్టు చెప్పింది. అక్కడే ఇలాంటి 1972 నాటి స్టోన్ కేసులో తీర్పు పాలసీదారుకు అనుకూలంగా వచ్చిన మాట నిజమే. ఫారం నింపడం కంపెనీ తన ఏజెంటుకు అప్పగించిన పని అని అక్కడ తేలింది. కాని నోటితో అన్నీ చెప్పామని, అతడే రాయలేదని ఏళ్ల తరువాత రుజువు చేయడం ఎంత కష్టమో, అదీ పాలసీదారు మరణించాక అతని కుటుంబానికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

కాబట్టి విసిగించే ఏజెంటునే వెతుక్కోవాలని నా అభిప్రాయం. పొగ తాగుతారా, పదేళ్ల కిందటి ఆపరేషన్ ఏమిటి, వాహనాన్ని వ్యాపారానికి వాడతారా, ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటుందా అని అతడు అడగాలి. ఇంటి బీమా విషయంలో స్థలంతో కలిపిన అమ్మకపు ధర కాక, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చూడండి: 100 విలువ గల ఆస్తికి 60కే బీమా చేయించారనుకుందాం, 50 మేర నష్టం జరిగింది. బీమా మొత్తం 60 ఉంది కనుక 50 పూర్తిగా వస్తుందని మనం ఆశిస్తాం. తక్కువ బీమాకు దామాషా షరతు ఉన్న పాలసీలో, అంటే విలువలో ఎంత వంతుకు బీమా ఉంటే నష్టంలో అంత వంతే ఇచ్చే పాలసీలో, వచ్చేది 30 మాత్రమే. ఫారం మీరే నింపండి, లేదా అతడు నింపినదాన్ని అక్షరం అక్షరం చదివి సంతకం చేయండి. ఒక నకలు దగ్గర పెట్టుకోండి. నోటితో ఇచ్చిన హామీ ఏదైనా ఉంటే రాతపూర్వకంగా అడగండి. పాలసీ చేతికి వచ్చాక దాన్ని రద్దు చేసుకునే గడువు చాలా దేశాల్లో ఉంటుంది, పత్రం మొత్తం చదవవలసింది ఆ రోజుల్లోనే.

కమిషన్ తిరిగి ఇవ్వడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని చోట్ల దానికి అనుమతి ఉంది. భారతదేశంలో 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ తప్పే. కమిషన్ గురించి నిజంగా గమనించవలసింది మరొకటి ఉంది. జీవిత బీమాలో మొదటి ఏడాది కమిషన్ తరువాతి ఏళ్లకంటే సాధారణంగా ఎక్కువ. అందువల్ల పాత పాలసీ వదిలి కొత్తది తీసుకోమని ఎవరైనా చెబితే కారణం అడగాలి. పెరిగిన వయసుకు తగ్గ ప్రీమియం, మళ్లీ మొదలయ్యే వెయిటింగ్ పీరియడ్ (కొన్ని క్లెయిమ్‌లు చెల్లని తొలి కాలం), సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీ వదులుకుంటే, పోయే మొత్తం ఎంతో కాగితం మీద రాసి చూపమనాలి.

ఇక క్లెయిమ్ తప్పక ఇప్పిస్తానన్న మాట. ఆ నిర్ణయం ఏజెంటు చేతిలో ఉండదు. పాలసీ షరతులను, నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ నివేదికను, వైద్య రికార్డులను చూసి కంపెనీ క్లెయిమ్ విభాగం తేలుస్తుంది. తన చేతిలో లేనిదానికి హామీ ఇస్తున్నవాడు మిగతా విషయాల్లోనూ అలాగే మాట్లాడుతున్నాడేమోనని నేనైతే అనుమానిస్తాను. మంచి ఏజెంటు చేయగలిగింది వేరే ఉంది, అది చిన్నదేమీ కాదు: ఎన్ని రోజుల్లో కంపెనీకి తెలియజేయాలో, ఏ పత్రాలు కావాలో, సర్వేయర్ రాకముందు దేన్ని కదిలించకూడదో చెబుతాడు, తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకుని ఎక్కడ ఫిర్యాదు చేయాలో చూపుతాడు. ఇంతవరకు ఎన్ని క్లెయిమ్‌లలో పాలసీదారులకు తోడున్నారు, వాటిలో తిరస్కరించినవి ఎందుకు తిరస్కరించారు, రేపు మీరు ఈ వృత్తి మానేస్తే నా పాలసీ ఎవరు చూస్తారు అని సంతకానికి ముందే అడగండి. ఈ ప్రశ్నలకు అతడిచ్చే జవాబులు ఎంత వివరంగా ఉన్నాయో చూసి ఎంచుకోండి.