ఏం గాదు సార్, ప్యాడ్లు సెట్ గావాలె

ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ చెప్పని రోగనిర్ధారణ పద్ధతి ఒకటి మా నల్లగొండలో ఉంది. దాని పేరు ‘ఏం గాదు’. దానికి జాకీ అక్కర్లేదు, పానా అక్కర్లేదు, చక్రం విప్పే పని అసలే లేదు. కారు బ్రేకు చప్పుడు చేస్తూ షెడ్డు ముందు ఆగుతుండగా మెకానిక్కు ఉస్తాదు చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే చెవి ఒకసారి ఇటు పడేస్తాడు. ‘ఏం గాదు సార్, ప్యాడ్లు సెట్ గావాలె.’ అయిపోయింది వైద్యం.

ఈ మాట నేను పద్నాలుగు నెలల్లో మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ కొత్త బ్రేకు ప్యాడ్లకు డబ్బు కట్టాకే విన్నాను. కొత్త ప్యాడ్లు డిస్కుకు, అంటే చక్రంతో పాటు తిరిగే, అవి రెండు వైపులా నొక్కి ఆపే ఇనుప బిళ్లకు, అలవాటు పడటానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, అది నిజమే. ఉస్తాదు విద్యను నేను తక్కువ చేయను. కాకపోతే నా ప్యాడ్లు సెట్ అవుతూ, సెట్ అవుతూ వెనకున్న ఇనుప రేకు దాకా సెట్ అయ్యాయి.

పాపం, ప్యాడు చెప్పకుండా చావదు. చాలా కార్లలో దానికి చిన్న ఇనుప నాలుక ఒకటి తగిలించి పంపుతారు. మందం రెండు మూడు మిల్లీమీటర్లకు దిగగానే ఆ నాలుక డిస్కుకు తగిలి కీచుమంటుంది. కంపెనీవాళ్ల ఉద్దేశం మనం భయపడాలని. మనం పాట సౌండు పెంచుతాం. కొన్నాళ్లకు కీచు పోయి గరగర మొదలవుతుంది. అంటే ప్యాడు మీది అరిగే పొర మొత్తం పోయి ఇనుము ఇనుమును తింటోందని. మా బావమరిది మాత్రం ‘చూసినవా బావా, కీచు దానంతటదే పోయింది’ అని సంతోషించాడు.

ఆ గరగర ఎక్కడిదో తేల్చడానికి ఒక ఆదివారం పానగల్లు రోడ్డు మీద జరిగిన మహాసభ గురించి చెప్పాలి. స్టీరింగు దగ్గర ఉస్తాదు. పక్కన నేను. వెనక సీట్లో బావమరిది, చాయ్ బండి అతను, మా గల్లీలో రిటైరైన లెక్కల సారు. సారు నిజానికి కూరగాయలకని బయలుదేరాడు, సంచి చేతిలోనే ఉంది. సరిగ్గా ఆ రోజు కారు నోరు మెదపలేదు. డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోతుంది చూడండి, అట్లా. ‘సౌండేది సార్?’ అన్నాడు ఉస్తాదు, నా తలకాయలోనే ఏదో తేడా ఉన్నట్టు.

అప్పుడు బావమరిదికి పౌరుషం వచ్చింది. దిగి, నడుము సగానికి వంచి, చెవి ముందు చక్రానికి ఆనించినంత పని చేసి కారుతో పాటు పరుగెత్తాడు. బైకు మీద పోతున్నాయన ఆగి ‘ఏం పడిపోయిందన్నా?’ అని అడిగి, జవాబు వినకుండానే తనూ వంగి ఉరకడం మొదలుపెట్టాడు. బర్రెలు తోలుకుపోతున్న ముసలాయన బర్రెలనాపి చూశాడు. కొద్దిసేపట్లో కారుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఊరేగింపులో పల్లకీ లేని లోటే తప్ప ఏ లోటూ లేదు. ఉస్తాదు బ్రేకు తొక్కాడు. గర్ర్ర్.

వెంటనే తీర్పులు. ‘బేరింగే’ అన్నాడు చాయ్ అతను. బేరింగు పోతే వేగంతో పాటు పెరిగే హోరు ఉంటుంది, బ్రేకు తొక్కినప్పుడే గరగరమనాల్సిన పని దానికి లేదు. ‘రాయి ఇరికింది’ అన్నాడు బైకాయన. రాయి డిస్కుకు, దాని వెనక రేకుకు మధ్య ఇరుక్కుంటే బ్రేకు తొక్కినా తొక్కకున్నా గీరుతూనే ఉంటుంది. బర్రెలాయన సలహా అన్నిటికంటే చౌక: అమావాస్యకు చెరువుగట్టు గుడికి పోయి టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించమన్నాడు. లెక్కల సారు ఒక్కడే సంచి పక్కన పెట్టి అడిగాడు: ‘ఏ పక్క?’

పద్నాలుగు నెలల్లో ఈ రెండు మాటలు ఎవరూ అడగలేదు. సారు రెండు ముందు చక్రాల దగ్గరా దూరం నుంచే అరచెయ్యి చూపాడు. ఎడమది పొయ్యిలా సెగ కొడుతోంది. కుడిది గోరువెచ్చగా ఉంది. రెండింటికీ ఒకే పెడలు, ఒకే రోడ్డు. మరి ఒకదానికే జ్వరమెందుకు?

విప్పితే తెలిసింది. ఎడమ చక్రంలో బయటి ప్యాడు ఎనిమిది మిల్లీమీటర్లు, దాదాపు కొత్త పెళ్లికొడుకు. లోపలిది ఉత్త ఇనుప రేకు. ఉస్తాదు ప్రతిసారీ అల్లాయ్ వీలు సందుల్లోంచి ఫోను టార్చి వేసి ‘శాన ఉన్నది సార్’ అన్నది ఆ బయటి ప్యాడును చూసే. పెళ్లిళ్లలో ఫోటోలకు నిలబడేది పెద్దన్న, పొలంలో నడుము విరుచుకునేది చిన్నోడు. ఫోటో చూసి ఇంట్లో అందరూ బాగున్నారంటే ఎట్లా?

నా కారులాంటి వాటిలో ప్యాడ్లను డిస్కు మీద నొక్కి పట్టే క్యాలిపర్‌కు పిస్టను ఒకటే, లోపలి వైపు. అది లోపలి ప్యాడును నెడితే, ఆ ఎదురు బలానికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడును లాక్కొచ్చి డిస్కును రెండు వైపులా పట్టుకోవాలి. పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగి, నీళ్లు చేరి, తుప్పు పట్టిందనుకోండి, క్యాలిపర్ కదలదు. బ్రేకు వదిలినా లోపలి ప్యాడు సరిగా వెనక్కి రాదు. భారం మొత్తం దానిదే. పిస్టను ఇరుక్కున్నా ఇంచుమించు ఇదే కథ. వంకర అరుగుదల చూసిన ఏ చెయ్యైనా ముందు పోవాల్సింది పిన్నుల మీదికి. లాగి, తుప్పు గీకి, వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజు పూస్తే సరి. రబ్బరును ఉబ్బించే మామూలు గ్రీజు కాదు. అరగంట పని.

ఆ పిన్ను మూడు సెట్ల ప్యాడ్లనూ తినేదాకా ఎవరూ లాగి చూడలేదు. ఎందుకు చూస్తారు? ప్యాడ్లు డబ్బాలో వస్తాయి, డబ్బా మీద ధర ఉంటుంది. తుప్పు గీకినందుకు ధర ఎక్కడ ముద్రించి ఉంటుంది?

ఇక్కడిదాకా నవ్వుతూనే చెప్పాను. ఆ రోజే అదే షెడ్డుకు ఒక స్కూలు వ్యాను వచ్చింది. అదే గరగర. వెనక అద్దానికి పిల్లల వాటర్ బాటిల్ ఒకటి ఆనుకుని ఉంది. ‘ఈ నెల నడుస్తది తియ్’ అన్నాడు డ్రైవరు. ‘ఏం గాదు’ అన్నాడు ఉస్తాదు. ఎవడికి ఏం గాదు? వరి కోతలప్పుడు చీకట్లో వెనక లైటు లేని ట్రాక్టరు హైవే ఎక్కుతుంది. కట్టంగూరు దగ్గర ఎవరో ఒక తల్లి పిల్లను చంకనేసుకుని రోడ్డు దాటుతుంటుంది. ఆమెకు తెలుసా మీ ప్యాడు ఇంకా సెట్ అవుతోందని? అరగంట పనికి బద్ధకించి, ఆ బద్ధకానికి ధైర్యమని పేరు పెట్టి, దాన్ని ఇంకొకళ్ల పిల్లల మీద ప్రయోగించే హక్కు ఎవడిచ్చాడు వీళ్లకు? నేనూ మూడుసార్లు తలూపి డబ్బు కట్టి వచ్చినవాణ్ణే, నన్నూ కలిపే తిడుతున్నాను.

డిస్కు మీద గోరు దిగేంత గాట్లు పడ్డాయి. ‘లేత్ మీద పెట్టి సాఫ్ చేపిద్దాం’ అన్నాడు ఉస్తాదు. ఇంతకంటే పలచబడకూడదని డిస్కు మీదే చెక్కి ఉన్న అంకెను సారు చూపించి, కొలవమన్నాడు. కొలిస్తే లేత్‌కు ఇచ్చేంత మందం మిగల్లేదు. రెండు డిస్కులూ, రెండు వైపులా ప్యాడ్లూ మార్చాం. పిన్నులు గీకించి, తొడుగులు కొత్తవి వేయించి, గ్రీజు నేనే దగ్గరుండి పూయించాను.

బిల్లు చాలా పద్ధతిగా రాశాడు. డిస్కులు, ప్యాడ్లు, ఫిట్టింగు, టెస్ట్ డ్రైవు. పిన్నుల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఆ పనికి ఏ పేరు రాయాలో తోచక హెల్పర్ పోరణ్ణి అడిగాడు, వాడికీ తెలియలేదు. చివరికి అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో రాశాడు: ఇతరములు, 150 రూపాయలు.